ఉల్లంకికి లేని వేలు

కాలేజీ మ్యూజియంలో మేడమెట్లు ఎక్కగానే ఎదురుగా ఒక అద్దాల బీరువా ఉంటుంది. అందులో ఒక కోతి, ఒక పిట్ట. రెండూ ఎముకలే. కోతి గొంతుకూర్చుని కుడిచేత్తో రాయి పట్టుకుని ఉంటుంది. పిట్ట దాని మోకాలి దాకా వస్తుందేమో. ఒక కాలు ముందుకు వేసి, ఎక్కడికో తొందరగా పోతూ ఎవరో పిలిస్తే ఆగినట్టు నిలబడి ఉంటుంది. కింద ఇత్తడి రేకు మీద 'ఒకే ఒడ్డు, రెండు బతుకులు' అని చెక్కించారు. ఆ రెండింటినీ ఎముక ఎముకా కూర్చి నిలబెట్టిన మనిషిని కాలేజీలో అందరూ ఎముకల మాస్టారు అంటారు. ఆయన మాస్టారు కాదు, మ్యూజియం అటెండరు. పాఠం చెప్పే హక్కు లేదు. బీరువాల తాళంచెవులు మాత్రం ఆయన దగ్గరే ఉండేవి.

పనిగది మెట్ల కింద. నిటారుగా నిలబడితే తల తగిలే చోటు. అక్కడ ముప్పై ఏళ్ళకు పైగా వంగి పనిచేసి, ఆయన బయట కూడా కాస్త వంగే నడవడం అలవాటు చేసుకున్నాడు. ఒక సింకు, ఒక గ్యాసుపొయ్యి, సొట్టలు పోయిన రెండు పెద్ద గిన్నెలు, నాలుగు టీ జాలీలు, పళ్ళ డాక్టరు పారేస్తే తెచ్చుకున్న సూదులు, సన్నటి ఇత్తడి తీగ చుట్టలు. చచ్చిన జంతువు వస్తే తోలూ మాంసమూ తీసేసి, మిగిలినదాన్ని బట్టలసోడా వేసి సన్నసెగ మీద ఉడకబెట్టేవాడు. నీళ్ళు వడకట్టి ఎముకలు ఏరి, తెల్లబరిచి, ఆరబెట్టి, తీగతోనూ జిగురుతోనూ మళ్ళీ జంతువుగా నిలబెట్టేవాడు. ఆ గదికి వచ్చేటప్పుడు ముక్కు ఇంట్లో పెట్టి రావాలని హెడ్‌క్లర్కు అనేవాడు. ఇంట్లో భార్య మాట వేరు. ఊళ్ళో ఉన్న కోతులన్నిటికీ కీళ్ళు సరిచేసే మనిషి తన మోకాళ్ళ దగ్గరికి వచ్చేసరికి నూనె రాసుకోమంటాడని ఆవిడ ఇరుగుపొరుగుకి చెప్పుకునేది.

ఈ పనిలో నేర్పంతా వేళ్ళలో ఉందని చూసేవాళ్ళు అనుకుంటారు. ఆయన లెక్కలో అది జాలీలో ఉంది. తొడ ఎముక ఎక్కడికీ పోదు. ఆవగింజంత ఎముకలే నీళ్ళతో పాటు తూము పాలవుతాయి. అందుకని వడకట్టిన నీళ్ళనే మళ్ళీ వడకట్టేవాడు. గోడకి ఒక పలక ఉండేది. దాని మీద ఉండాల్సిన ఎముకలెన్నో ఒకవైపు, కూర్చినవెన్నో ఇంకోవైపు రాసేవాడు. రెండు అంకెలూ కలవనిదే జంతువును పైకి పంపేవాడు కాదు. "వచ్చిన ఎముక పోకూడదు" అన్నది ఆయన వేదం.

కోతి జంతుప్రదర్శనశాల నుంచి వచ్చింది, ముసలిదై చచ్చింది. సముద్రపు ఒడ్డు అడవుల్లో తిరిగే పొడుగుతోక జాతి. రాయి తెచ్చుకుని గుల్లలు పగలగొట్టుకుని తింటుంది. పిట్ట లైట్‌హౌసు నుంచి వచ్చింది. దీపానికి గుద్దుకుని పడిందని అక్కడి కాపలాదారు దాన్ని చెప్పుల పెట్టెలో పెట్టి, మీద 'ఇసుక ఉల్లంకి' అని రాసి పంపాడు. రెండూ ఒకే వారంలో రావడంతో అప్పటి పెద్ద ప్రొఫెసరుకు ఒక ఆలోచన తట్టింది. ఒకే ఒడ్డున తిండి వెతుక్కునే ఒక కోతినీ ఒక పిట్టనూ పక్కపక్కన పెడితే చెయ్యి అంటే ఏమిటో, కాలు అంటే ఏమిటో పిల్లలకు ఒక్క చూపులో తెలుస్తుందని. పెద్ద ప్రొఫెసరు చదువంతా కప్పల మీద. పిట్టల గురించి ఆయనకు తెలిసింది తక్కువ. తెలియదని చెప్పే అలవాటు ఇంకా తక్కువ.

ఆ వారమే ఎముకల మాస్టారి భార్యకు కడుపులో ఆపరేషన్ అయింది. ఆస్పత్రికీ పనిగదికీ మధ్య తిరుగుతూ, బెంచీ మీద కూర్చునే కునుకు తీస్తూ ఆయన కోతిని ఉడకబెట్టాడు, పిట్టను ఉడకబెట్టాడు. కోతి ఎముకలు లెక్కకు వచ్చాయి. పిట్ట దగ్గర లెక్క తేలలేదు. కాలికి మూడు వేళ్ళే వచ్చాయి. అంతకుముందు నాలుగైదు రకాల ఉల్లంకుల్ని కూర్చి ఉన్నాడు. అన్నిటికీ ముందు మూడు వేళ్ళు, వెనక కాస్త పైకి ఇంకో చిన్న వేలు. ఇదీ ఉల్లంకే. అంటే వెనక వేళ్ళు రెండూ పోయినట్టే. ఎవరు పోగొట్టారు? జాలీ పట్టుకున్నది తానే.

ఆ మధ్యాహ్నం రెండు గంటలసేపు పెరట్లో తూము పక్కన మోకాళ్ళ మీద కూర్చుని బురదంతా వేళ్ళతో పిసికి చూశాడు. హెడ్‌క్లర్కు కిటికీలోంచి తొంగి చూసి ఉంగరం పడిపోయిందా అని అడిగాడు. అవునన్నాడు. ఆ ఉద్యోగంలో ఆయన చెప్పిన మొదటి అబద్ధం అది.

మర్నాడు సొరుగు తెరిచి, కూర్చకుండా పక్కన పెట్టిన ఇంకో జాతి ఉల్లంకి పొట్లం విప్పాడు. దాని వెనక వేళ్ళు రెండూ పట్టకారుతో తీశాడు. ఇసుక ఉల్లంకి కాళ్ళకు అవి కాస్త పెద్దవయ్యాయి. ఆకురాయి మీద రెండుమూడుసార్లు అరగదీసి, జిగురుచుక్క పెట్టి అతికించాడు. పలక మీద రెండు అంకెలూ కలిశాయి. పెద్ద ప్రొఫెసరు భూతద్దం పెట్టి చూసి, ఆయన భుజం మీద చెయ్యి వేసి వెళ్ళాడు. పెద్ద ప్రొఫెసరు ఎవరి భుజం మీదా చెయ్యి వేయడని కాలేజీలో అందరికీ తెలుసు.

ఆ బీరువాకు పేరు వచ్చింది. స్కూలు పిల్లల్ని బస్సుల్లో తెచ్చేవారు. లెక్చరర్లు టీ తాగడానికి పోయి పిల్లల్ని ఎముకల మాస్టారికి అప్పజెప్పేవారు. అలా ఆయనకు ఒక పాఠం తయారైంది. కోతికి ముప్పైరెండు పళ్ళు, పిట్టకు ఒక్కటీ లేదు. కోతి గుల్లను రాయితో పగలగొడుతుంది, పిట్ట తడి ఇసుకలో ముక్కు దించి పురుగును లాగుతుంది. కెరటం వస్తే కోతి చెట్టెక్కి కూర్చుంటుంది, పిట్ట కెరటం ముందే పరుగెత్తి మళ్ళీ కెరటం వెంటే వస్తుంది. కోతిపిల్ల నెలల తరబడి తల్లి పొట్టను వదలదు, ఉల్లంకి పిల్ల గుడ్డులోంచి బయటపడిన రోజే తన తిండి తాను వెతుక్కుంటుంది. కోతి పుట్టిన చోటికి నాలుగు ఆమడల్లో చస్తుంది, పిట్ట ఏడాదికి రెండుసార్లు భూగోళం మీద ఆ చివర నుంచి ఈ చివరకు వస్తుంది. ఇన్ని తేడాలూ చెప్పి, పిల్లలు ఇంక అయిపోయిందనుకున్నప్పుడు చూపుడువేలు అద్దం మీద పెట్టేవాడు.

"ఒక్కటి మాత్రం ఇద్దరికీ ఉంది. కోతికి బొటనవేలు, పిట్టకి వెనక వేలు. నాలుగు వేళ్ళు ఒకే పక్కనుంటే దేన్నీ పట్టుకోలేం. ఒకటి ఎదురుగా ఉండాలి."

పిల్లలు తమ చేతులు చూసుకునేవారు. టీచర్లు నోట్సు రాసుకునేవారు. ఒకాయన ఆ బీరువా చూసి చార్టు గీయించాడు. అది చాలా స్కూళ్ళ గోడలకు ఎక్కింది. మొదట్లో ఆ చివరి మాట దగ్గర ఆయన గొంతు తడబడేది. ఏడాది తిరిగేసరికి ఆ మాటే అన్నిటికంటే బాగా వచ్చేది.

బీరువా పెట్టిన మూడో ఏడు డిగ్రీ ప్రాక్టికల్ పరీక్షలో ఆ రెండు ఎముకల గూళ్ళూ ప్రశ్నగా వచ్చాయి. చేతులూ కాళ్ళూ పోల్చి రాయమన్నారు. పరీక్ష చేయడానికి బయటి కాలేజీ నుంచి వచ్చినాయన జవాబు కాగితాలు తిరగేస్తూ ఒకదాని దగ్గర ఆగాడు. అది చేపలు పట్టేవాళ్ళ ఇంటి నుంచి వచ్చే అమ్మాయిది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. ఆమె కోతి గురించి అందరిలాగే రాసింది. పిట్ట గురించి రెండే వాక్యాలు. 'ఈ పిట్టకు వెనక వేలు ఉండదు. ఇక్కడ పెట్టింది తప్పు.'

ఆయన ఆ కాగితాన్ని హాల్లోనే పైకి చదివాడు. అమ్మాయిని లేపి, ఎక్కడ చదివావని అడిగాడు.

"చదవలేదు సార్. మా ఇంటి ముందే తిరుగుతాయి. తడి ఇసుక మీద అడుగులు చూస్తే తెలుస్తుంది."

"మీ ఇంటి ముందు కాకులు కూడా తిరుగుతాయి. వాటి మీద కూడా నువ్వే పేపరు తీస్తానంటావా?"

హాలంతా నవ్వింది. ఆయన పూర్తిగా మొండివాడేమీ కాదు. కూర్చిన మనిషినే అడుగుదామన్నాడు. ఎముకల మాస్టారు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు, చేతిలో తాళంచెవుల గుత్తి. అమ్మాయి ఆయన వైపు తిరిగింది. ఎదురుపడితే దండం పెట్టే పిల్ల.

"వచ్చింది వచ్చినట్టే కూర్చానండీ" అన్నాడు ఎముకల మాస్టారు.

ఆ పిల్ల ఎలా కనిపెట్టిందో ఆయనకు అర్థం కాలేదు. జిగురు మచ్చ కనబడిందేమో అనుకున్నాడు. ఉల్లంకికి వెనక వేలు ఉండదని ఆమె రాసింది మాత్రం తప్పే అని ఆయన నమ్మకం. కాబట్టి ఆమెదీ తప్పే, తనదీ తప్పే, రెండూ చెల్లుకు చెల్లు అని సర్దిచెప్పుకున్నాడు. మనసు ఇలాంటి లెక్కలు చాలా వేగంగా చేస్తుంది.

ప్రాక్టికల్లో ఆమె నాలుగు మార్కుల తేడాతో తప్పింది. తప్పడం పెద్ద సంగతి కాదు, మళ్ళీ రాయొచ్చు. పేరు పడటం పెద్ద సంగతి. మెట్ల మీద కనబడితే చాలు, కుర్రాళ్ళు మూడు వేళ్ళు చూపించేవారు. అమ్మాయిలు వెనక నుంచి "మూడువేళ్ళూ" అని పిలిచేవారు. మరుసటి ఏడు సగం నెలలు వచ్చింది. తర్వాత రాలేదు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. అడగాల్సిన వాళ్ళలో మొదటివాడు మెట్ల కిందే ఉండేవాడు.

ఇరవైమూడేళ్ళు గడిచాయి. పెద్ద ప్రొఫెసరు పోయాడు. చచ్చిన జంతువులు రావడం తగ్గిపోయింది. ఉడకబెట్టడం మానేసి ఎముకల మాస్టారు దుమ్ము తుడుస్తూ ఉండేవాడు. రిటైరు కావడానికి నాలుగు నెలలున్నాయనగా, తడి ఇసుక మీద నడిస్తే మోకాళ్ళకు మంచిదని భార్యకు డాక్టరు చెప్పాడు. పొద్దున్నే మొదటి బస్సులో ఇద్దరూ సముద్రం దగ్గరికి పోవడం మొదలుపెట్టారు.

సముద్రం పక్క ఊళ్ళోనే పుట్టి పెరిగినా, ఇసుక ఉల్లంకి ఎముకల్ని తన చేతులతో కూర్చినా, బతికున్నదాన్ని ఆయన ఏనాడూ చూడలేదు. పొద్దున్న వేళ ఎప్పుడూ మెట్ల కిందే ఉండేవాడు. మూడో రోజున కనబడ్డాయి. పదీ పన్నెండు ఉంటాయి. కెరటం వెనక్కి పోతుంటే దాని వెంట, కెరటం వస్తుంటే దాని ముందు, కుట్టుమిషను సూదిలా కాళ్ళాడిస్తూ పరుగులు. ముక్కు తీరు, కాలి పొడవు చూడగానే గుర్తుపట్టాడు. ఆ కాళ్ళ ఎముకలు ఆయన అరచేతిలో ఆరినవే. పిట్టలు లేచిపోయాక అవి తిరిగిన చోటికి నడిచాడు. తడి ఇసుక మీద అడుగులు అచ్చు వేసినట్టున్నాయి. మూడు గీతలు. వెనక ఏమీ లేదు. పక్కనే ఇంకేదో పెద్ద ఉల్లంకి నడిచిన జాడ ఉంది. దానికి మూడు గీతల వెనక చిన్న చుక్క ఉంది. ఆయన వంగాడు, ఆపైన మోకాళ్ళ మీద కూర్చున్నాడు, ఆపైన పాకుతూ అడుగు తర్వాత అడుగు చూసుకుంటూ పోయాడు. మూడు గీతలు. మూడు గీతలు.

భార్య కుంటుకుంటూ వచ్చి పైన నిలబడింది.

"ఏం పోగొట్టుకున్నారు?"

ఆయన తలెత్తాడు.

"ఏమీ పోలేదే. అసలు ఏదీ పోలేదు" అన్నాడు.

ఆవిడకు అర్థం కాలేదు. బట్టలు తడిసిపోతున్నాయి, లేవమంది.

ఆ రోజే డిపార్టుమెంటు లైబ్రరీలో పిట్టల మీదున్న లావుపాటి పుస్తకం తీయించాడు. ఆయన పనిగది నుంచి ఆ పుస్తకాల బీరువా నలభై అడుగులే. ఇసుక ఉల్లంకి పేజీలో మూడో వాక్యమే. ఉల్లంకుల్లో దీనికి మాత్రం వెనక వేలు ఉండదు, ఇసుకలో పరుగుకు అదే వీలు. పుస్తకం కొన్న తేదీ చూశాడు. కోతీ పిట్టా రావడానికి ఆరేళ్ళ ముందుది. వెనక అట్టకున్న కార్డు మీద తీసుకున్నవాళ్ళ పేర్లు ఒక్కటీ లేవు.

డిపార్టుమెంటు హెడ్డు ఇప్పుడు ఒక మేడమ్. ఈ కాలేజీలోనే చదివింది. ఆ పరీక్షలో ఆ హాల్లోనే కూర్చుంది. ఆయన చెప్పిందంతా ఫైలు మీద పెన్ను ఆపి వింది.

"ఎవరు, మూడువేళ్ళా?" అంది. పెదాల మీదికి వచ్చిన నవ్వు అక్కడే ఆగిపోయింది. "నేను నాలుగు వేళ్ళే గీశాను మాస్టారూ. నాకు ఫుల్ మార్కులు" అంది.

బీరువాలో సవరణ చీటీ పెట్టమని ఆయన అడిగాడు. నెల తిరక్కుండా తనిఖీ కమిటీ వస్తోందని, ఇప్పుడు ఆ చీటీ పెడితే ఇన్నేళ్ళ పాఠం, ఆ చార్టు, ఆ పరీక్ష అన్నీ బయటికి లాగినట్టవుతుందని మేడమ్ చెప్పింది. కమిటీ వెళ్ళాక చూద్దాం అంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. 'తర్వాత చూద్దాం' అనే మాటతోనే ఎన్నో పనులు నడిపించిన మనిషి.

కమిటీ వెళ్ళేసరికి తాను రిటైరయిపోతానని ఎముకల మాస్టారికి తెలుసు. నాలుగు రోజులు ఆగాడు. అయిదో రోజు మధ్యాహ్నం, భోజనాల వేళ, బీరువా తాళం తీశాడు. పాత జిగురు తడిబట్టకు తొందరగానే మెత్తబడింది. రెండు వేళ్ళూ పట్టకారుతో తీసి అగ్గిపెట్టెలో పెట్టుకున్నాడు. పిట్ట వెనక్కి పడుతుందేమోనని కాసేపు చూశాడు. పడలేదు. ఇన్నేళ్ళూ అది వాటి మీద నిలబడనేలేదు.

కమిటీ వచ్చింది. ముగ్గురు మనుషులు, చేతిలో ఫొటోల జాబితా. జాబితాలో పిట్టకు నాలుగు వేళ్ళున్నాయి, బీరువాలో మూడే ఉన్నాయి. 'నమూనా దెబ్బతిన్నది, కారణం తెలుసుకోవాలి' అని రాసి వెళ్ళిపోయారు. మేడమ్ మెమో ఇవ్వక తప్పలేదు. ఇచ్చి, తలుపు వేయించి, కూర్చోమంది.

"తుడుస్తుంటే విరిగాయని రాసివ్వండి. నేను సంతకం పెట్టి పంపేస్తాను. అక్కడితో అయిపోతుంది."

ఉన్నదున్నట్టు రాస్తానన్నాడాయన. అలా రాస్తే అది పరీక్షకు సంబంధించిన విషయం అవుతుందని, పైనుంచి విచారణ వేస్తారని, రిటైర్మెంటు కాగితాలన్నీ ఆగిపోతాయని ఆవిడ చెప్పింది. పైగా చెడగొట్టి కథ అల్లుతున్నాడంటారు, సాక్ష్యం ఏదీ అంది. చివరికి తనే ఒక దారి చూపింది. ఆ అమ్మాయి చేపల రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తోందని ఎవరో అన్నారు. ఆ రోజు తాను సరిగ్గానే రాశానని ఆమె ఒక కాగితం ఇస్తే, ఆయన మాటకు కొంత బలం వస్తుంది.

ఆయన మర్నాడే వెళ్ళాడు. దేనికి వెళ్తున్నాడో బస్సులో ఉన్నంతసేపూ తేల్చుకోలేకపోయాడు. తప్పు ఒప్పుకోవాలని ఇరవై రోజులుగా అనుకుంటున్న మాట నిజం. కాగితం సంగతి వినేదాకా బస్సెక్కకపోవడమూ నిజమే.

ఐసు ఫ్యాక్టరీలో ఆమె గుమ్మం దగ్గర చెక్క బల్ల ముందు కూర్చుని ఉంది. దిమ్మలు ఎన్ని లోపలి నుంచి బయటికి జారుతున్నాయో చూసి చీటీలు చించి ఇవ్వడం ఆమె పని. నలభై దాటిన మనిషి, చెవుల మీదుగా తుండు కట్టుకుంది. వెనక ఐసు మర దిమ్మల్ని నలగ్గొడుతూ హోరుమంటోంది. నేలంతా నీళ్ళు. ఆయన్ని చూడగానే గుర్తుపట్టింది. కాలేజీలో మాదిరిగానే దండం పెట్టింది. అది ఆయనకు కష్టమనిపించింది.

తాను అనుకుని వచ్చిన మాటలు ఆయన నెమ్మదిగా మొదలుపెట్టాడు. ఆమె చెయ్యి చెవి దగ్గర పెట్టి, మర చప్పుడులో ఏమీ వినబడటం లేదంది. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ వినబడలేదంది. మూడోసారి అరిచి చెప్పాల్సి వచ్చింది.

"తప్పు నాదమ్మా! నువ్వు రాసిందే నిజం! నేను అబద్ధం చెప్పాను!"

ఐసు మోసేవాళ్ళు నలుగురూ తిరిగి చూశారు. ఆమె లేచి, మర దగ్గరున్న మనిషికి ఆపమని చెయ్యి ఊపింది. చప్పుడు ఒక్కసారిగా తెగింది. ఇప్పుడు మామూలు గొంతుతో మిగతాదంతా చెప్పాడు. తూము, ఇంకో పిట్ట వేళ్ళు, ఆకురాయి, తడి ఇసుక, పుస్తకం, మెమో. ఆమె వింటూ కూర్చుంది. ఎవరో చీటీ కోసం వస్తే చించి ఇచ్చి, మళ్ళీ విన్నది.

"పోయిందనుకుని పెట్టారా?" అంది చివరికి.

"అవునమ్మా."

"నేను వేరేగా అనుకున్నానండీ. బొమ్మ అందంగా ఉండాలని పెట్టారేమో అనుకున్నా." చీటీల పుస్తకం మూసింది. "మా వీధిలో ఒకావిడ ఇప్పటికీ నన్ను మూడువేళ్ళు అనే పిలుస్తుంది. ఆ పేరు ఎందుకొచ్చిందో ఆవిడకి తెలీదు. నా చెయ్యి చూసి అయిదూ ఉన్నాయే అంటుంది."

ఆయన నవ్వలేదు. ఆమె కూడా నవ్వించడానికి అనలేదు. అప్పుడు కాగితం సంగతి అడిగాడు. అడుగుతున్నప్పుడే తన గొంతు మారడం ఆయనకే వినబడింది.

"మీరు నాకోసం వచ్చారా, కాగితం కోసం వచ్చారా?"

"రెంటికీనమ్మా."

ఆమె తలూపింది. ఆ మాట నిజంగా చెప్పినందుకు కాబోలు, కోప్పడలేదు.

"నేను ఆ రోజే రాసిచ్చాను కదండీ. నా చేతిరాతే, నా సంతకమే. కాగితం కావాలంటే మీ కాలేజీలోనే ఉంటుంది, చూసుకోండి."

మర మళ్ళీ తిప్పమని చెయ్యి ఊపింది. ఆయన బయటికి నడుస్తుంటే వెనక నుంచి ఏదో అంది. తిరిగి చూస్తే, ఆయనతో కాదు, ఐసు మోసేవాడితో.

పాత జవాబు కాగితాలు ఏమవుతాయో కాలేజీలో ఎముకల మాస్టారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మూడేళ్ళు దాచి, తర్వాత కట్టలు కట్టలుగా మ్యూజియానికే ఇచ్చేవారు. ఎముకలు చుట్టడానికి ఆ కాగితం బాగుంటుంది, గట్టిగా ఉంటుంది, సిరా అంటదు. సొరుగుల్లో ఉన్న పొట్లాలన్నీ ఆయన చేతులతో చుట్టినవే. మూడు రోజులు వాటిని విప్పుతూ కూర్చున్నాడు. తాబేలు పెంకు, ముంగిస దవడ, గబ్బిలం రెక్క. ఎముకను పక్కన పెట్టి, కాగితాన్ని మోకాలి మీద సాపు చేసి చదివేవాడు. ఏయే ఏళ్ళవో కాగితాలు. చాలావాటిలో ఆయన కోతీ ఆయన పిట్టా ఉన్నాయి, పెన్సిలుతో చక్కగా నీడలు దిద్ది. కోతి చేతిలో రాయి. పిట్టకు నాలుగు వేళ్ళు. పక్కన ఎర్ర సిరాతో టిక్కు. కొందరు ఆయన మాటనే రాశారు, ఒకటి ఎదురుగా ఉండాలి అని. దిద్దినవాళ్ళు దాని కింద ఎర్ర గీత గీసి 'బాగుంది' అన్నారు. రెండు వాక్యాల కాగితం దొరకలేదు.

చివరి సొరుగులో ఇంకో జాతి ఉల్లంకి పొట్లం కనబడింది. ఇరవైఆరేళ్ళ క్రితం తాను విప్పి, మళ్ళీ చుట్టినది. అగ్గిపెట్టె తెరిచి రెండు వేళ్ళూ దాని కాళ్ళ దగ్గర పెట్టి చూశాడు. అరగదీశాడు కదా, కుదరలేదు. ఎముక ఎముకకు అందకుండా సన్నటి సందు. వాటిని అలాగే పక్కన పెట్టి పొట్లం కట్టేశాడు.

మెమోకి జవాబు రెండు పేజీలు రాశాడు. తూము దగ్గర మొదలుపెట్టి ఐసు ఫ్యాక్టరీ దాకా అన్నీ రాశాడు. కాగితం కోసం వెళ్ళానన్నది కూడా. కింద, తనకు కంఠతా వచ్చిన ఆ రెండు వాక్యాలూ రాసి, ఇవి నావి కావు, ఫలానా ఏడు పరీక్ష రాసిన ఫలానా అమ్మాయివి అని ఆమె పూర్తి పేరు పెట్టాడు. కాలేజీ కాగితాల్లో ఆ పేరు రావడం చాలా ఏళ్ళ తర్వాత. మేడమ్ చదివి, ఇంకోసారి ఆలోచించుకోమంది. ఆలోచించుకున్నానన్నాడు. ఆవిడ ఆ పేజీలను ఫైల్లో పెట్టి, ఫైలును అలమరలో పెట్టింది.

రిటైరయిన రోజున టీ ఇచ్చారు. మెమో సంగతి తేలలేదు కాబట్టి మాట్లాడటానికి ఎవరూ లేవలేదు. హెడ్‌క్లర్కు ఒక్కడు పక్కన కూర్చుని, ఉంగరం దొరికిందా అని అడిగాడు. ఆ సంగతి అతనికి గుర్తుండటం చూసి ఎముకల మాస్టారు టీ గ్లాసు కింద పెట్టాడు. అది పోలేదని చెప్పాడు.

తాళంచెవుల గుత్తి అప్పగించి, సంతకం పెట్టి, కిందికి దిగబోతూ బీరువా దగ్గర ఆగాడు. ఆఫీసు వాళ్ళు ఆ ఉదయమే పిట్ట కాళ్ళ దగ్గర టైపు చేసిన చీటీ ఒకటి పెట్టారు. 'వెనక వేళ్ళు లేవు. నమూనా దెబ్బతిన్నది.' మొదటి వాక్యం నిజం. ఇరవైఆరేళ్ళలో ఆ బీరువాలో పిట్ట గురించి రాసిన మొదటి నిజం అదే. రెండో వాక్యం మీద వేలు పెట్టాడు. అద్దం అడ్డొచ్చింది. అలవాటుగా జేబులో చెయ్యి పెట్టుకున్నాడు. తాళంచెవులు లేవు.

వేసవి తర్వాత కొత్త విద్యార్థులు వచ్చారు. లెక్చరరు వాళ్ళను మేడమీదికి తీసుకొచ్చి కోతినీ పిట్టనూ పోల్చి గీయమన్నాడు. పిట్ట దెబ్బతిన్నది కాబట్టి దానికి వెనక వేలు మీరే కలుపుకోండి అని చెప్పాడు.